పై గాంధారంలో బల్లి

ఈసారి మోయడానికి నలుగురు దొరకలేదు.
దొరికినా టౌన్‌హాలు మెట్లకి
నా మోకాళ్లు ఒప్పుకోవు.
అందుకని ఆర్గన్ సంతపేటలోనే
పాత దుప్పటి కప్పుకుని ఉండిపోయింది.
దాని గొంతు మాత్రం
కాలేషా లాప్‌టాప్ సంచిలో
స్కూటీ మీద వచ్చింది.

వేదికమీద దండేసిన ఫోటో,
పోయిన సంగీత దర్శకుడికి నివాళి రాత్రి.
ఫోటో కింద మా స్వరపెన్న ఆర్కెస్ట్రా.
నేను కింద, మూడో వరసలో.

కోడంబాకంలో ఓ స్టూడియో మూసేస్తుంటే
బియ్యం దించి ఖాళీగా వచ్చే లారీలో
గోనెపట్టాల మధ్య తెచ్చుకున్నా దాన్ని.
తడ చెక్‌పోస్టులో
‘ఏంది సామీ, బీరువానా?’ అన్నాడొకడు.
మూత తీస్తే తనే ఒక మెట్టు నొక్కాడు.
కరెంటు లేని పెట్టె, టక్కుమంది.
‘ఈ మాత్రానికా’ అని వదిలేశాడు.

ఎండాకాలం వోల్టేజీ పడితే
దాని శ్రుతీ పడేది.
సుగుణవేణి చెయ్యి వెనక్కి పెట్టి
ఒక వేలు కిందికి చూపించి
పాట మధ్యలోనే తనూ వెంట్రుకవాసి దిగేది.
జనానికి తెలిసేది కాదు,
ఇవాళ పాటలో ఏడుపు ఎక్కువుందే అనుకునేవాళ్లు.

‘మాస్టారూ, ఒక్క రాత్రి ఇవ్వండి’ అన్నాడు కాలేషా.
ఫ్యాన్ ఆపించాడు, కిటికీలు మూయించాడు,
ఫ్రిజ్ తీగ పీకేశాడు.
(తెల్లారి పాలు విరిగినందుకు
మా ఆవిడ తిట్టింది నన్నే.)
మే నెల, రాత్రి పదకొండు,
బనియన్లు తడిసి, ఊపిరి బిగబట్టి,
అరవయ్యొక్క మెట్లూ, ఒక్కో మీటకి ఒక్కోసారి.
వాడు రక్తం తీసే కాంపౌండరు,
అది మాట్లాడకుండా చెయ్యి చాపిన రోగి.

పై గాంధారం మోగుతుంటే
గోడమీద బల్లి పలికింది.
అలవాటుగా చిటికె వేయబోయి ఆగాను,
మైకుంది కదా.
‘మళ్లీ తీద్దామా?’
‘వద్దులెండి, తర్వాత చెరిపేస్తా.’
మర్చిపోయాడు.

ఇప్పుడు వాడి వేళ్ల కింద నా ఆర్గన్.
బరువు లేదు. పావుగంట వేడెక్కడం లేదు.
పోస్టుకార్డు మడిచి కింద దోపిన ధైవతం
దాని గరగరతో సహా ఉంది,
ఉంది గానీ ప్రతిసారీ అదే గరగర,
తూకం వేసి కట్టిన పొట్లంలాగా.
నా దగ్గర అది రోజుకో రకంగా నస పెట్టేది.
తుఫాను పట్టిన వారం
అసలు పలకనని మొండికేసేది,
స్పిరిట్‌లో దూది ముంచి బతిమాలేవాణ్ణి.

పక్క సీట్లో రిటైరైన తాసిల్దారు,
తొడమీద తాళం.
‘ఆర్గన్ అంటే అదండీ!
ఈ కంప్యూటర్లొచ్చి సంగీతం నాశనమైంది గానీ.’
అవునన్నాను.
ఏమనను?

రెండో చరణంలో పాట
పై గాంధారం మీద నిలబడాలి.
నిలబడింది.
దాని అడుగున, మా ఇంటి బల్లి.
అంత హాల్లో ఒక్కరికీ వినపడలేదు.
నా వేళ్లు వాటంతటవే చిటికె వేశాయి,
సత్యం, సత్యం.

అప్పుడే లైట్లు మసకబారాయి.
చక్కెర జబ్బుతో సన్నబడ్డ సుగుణవేణి
ముప్పయ్యేళ్ల అలవాటు కొద్దీ
చెయ్యి వెనక్కి పెట్టి, వేలు కిందికి చూపించి
వెంట్రుకవాసి దిగింది.

ఆర్గన్ దిగలేదు.
బ్యాటరీకి వోల్టేజీ బాధేం తెలుసు?
ఒక క్షణం ఆమె గొంతు
గేటు మూసిన ఇంటి ముందు నిలబడ్డట్టు నిలబడింది.
నేను లేవబోయాను. లేచి చేసేదేముంది.

కాలేషా తల ఎత్తలేదు.
ఆ వేలిని చూశాడో, ఆ గొంతు విన్నాడో,
ఎడమచెయ్యి పక్కనున్న చిన్న చక్రం మీదికి పోయింది,
ఉప్పు సరిపోయిందా అని వేలికొసతో నాకి చూసినంత నెమ్మదిగా
కిందికి తిప్పాడు.

ఇద్దరూ కలిశారు.

తాసిల్దారు కళ్లు తుడుచుకుంటున్నాడు.
పాట మళ్లీ పై గాంధారానికి వచ్చింది,
బల్లి మళ్లీ పలికింది,
ఈసారి అదీ వెంట్రుకవాసి దిగి.